ఇల్లు కట్టే ముందు ప్లాన్ పర్మిషన్: టేపు పట్టుకున్న రోజు నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) చేతికొచ్చే దాకా

మా ఇంటి పర్మిషన్ ఒక్కరోజులో వచ్చింది. పొద్దున అప్లై చేసి ఫీజు కట్టాం, సాయంత్రానికి ప్రొసీడింగ్స్ (పర్మిషన్ ఆర్డర్) కాపీ ఫోన్‌లో ఉంది, ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆ తర్వాత పునాది తవ్వడానికి మేస్త్రీ తాడు కడుతుంటే తెలిసింది, డాక్యుమెంట్‌లో 60 అడుగులు రాసున్న స్థలం నేల మీద 58 అడుగులే ఉందని. అంటే మేం అప్‌లోడ్ చేసిన డ్రాయింగే తప్పు, ఆ తప్పు డ్రాయింగ్ మీద కొలతలన్నీ కరెక్ట్ అని డిక్లరేషన్ ఇచ్చి సంతకం పెట్టింది నేనే. మళ్ళీ రివైజ్డ్ ప్లాన్, మళ్ళీ ఫీజు, నెలన్నర పని ఆగిపోయింది. ఆ నెలన్నరలో నేర్చుకున్నది, తర్వాత మా బంధువులు ఇద్దరు ముగ్గురు కట్టుకుంటుంటే దగ్గరుండి చూసింది అంతా కలిపి రాస్తున్నా. ఎక్కువగా తెలంగాణ రూల్స్ మీదే ఉంటుంది, ఆంధ్రా వాళ్ళకి పనికొచ్చేది చివర్లో చెప్తా.

ముందుగా ఒక్క విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ సిస్టమ్ వచ్చినప్పటి నుంచి మన దగ్గర చిన్న ఇళ్ళకి సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి నడుస్తోంది, 2025లో బిల్డ్‌నౌ అని కొత్త సిస్టమ్ వచ్చినా పద్ధతి అదే. ఇన్‌స్టంట్ అప్రూవల్ వచ్చిందంటే మున్సిపాలిటీ వాళ్ళు మీ స్థలం చూసి ఓకే అన్నట్టు కాదండి, మీరు చెప్పింది నిజమని నమ్మి ఇచ్చినట్టు. చెప్పింది తప్పైతే ఆ బాధ్యత మీది, మీ ఇంజినీర్‌ది. పాత రోజుల్లో టౌన్ ప్లానింగ్ వాళ్ళు సైట్‌కి వచ్చి టేపు పెట్టి కొలిచేవాళ్ళు, అది లేటయ్యేది, తిప్పించుకునేవాళ్ళు, అదంతా నిజమే, కానీ తప్పులు అక్కడే కొన్ని బయటపడేవి. ఇప్పుడు ఆ కొలిచే పని మనమే చేసుకోవాలి.

మొదటి పని: స్థలం కాగితాలు

ప్లాన్ గీయించడం కంటే ముందు ఈ స్థలంలో అసలు పర్మిషన్ వస్తుందా అన్నది తేల్చుకోవాలి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన కాగితాలు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల రికార్డు) తీసి పెట్టుకోండి. ఈసీ ఆన్‌లైన్‌లో చూడొచ్చు, కానీ పాత లావాదేవీలు అన్నీ ఆన్‌లైన్‌లో కనపడవు కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా తీయించండి. మీ సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఉందేమో చూడండి, ఉంటే అది తేలే దాకా ఏ పనీ ముందుకి పోదు.

తర్వాత లేఅవుట్. మీ ప్లాట్ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ చుట్టుపక్కల ప్లానింగ్ చూసే సంస్థ) గానీ డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) గానీ అప్రూవ్ చేసిన లేఅవుట్‌లో ఉంటే గొడవ లేదు, ఆ లేఅవుట్ కాపీ సంపాదించి మీ ప్లాట్ నంబరు, కొలతలు, ముందున్న రోడ్డు వెడల్పు అందులో ఎంత చూపించారో రాసుకోండి. అప్రూవ్ కాని లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్, అంటే అలాంటి ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే స్కీమ్ కింద ఆర్డర్, ఉండాలి. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్లకి ఆ ఏడాది ఎల్ఆర్ఎస్ తెచ్చారు, వెయ్యి రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టిన వాళ్ళు లక్షల్లో ఉన్నారు. చాలామంది ఆ వెయ్యి రసీదు చూపించి ఎల్ఆర్ఎస్ ఉంది అంటారు. అది అప్లికేషన్ రసీదు మాత్రమేనండి. రెగ్యులరైజేషన్ చార్జీలు, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాట్ విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు కట్టి ప్రొసీడింగ్స్ తెచ్చుకున్నాకే అది ఎల్ఆర్ఎస్ అయినట్టు. ప్లాట్ కొంటున్న వాళ్ళు కూడా ఈ తేడా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆ 14 శాతం చిన్న అమౌంట్ కాదు.

చెరువు, నాలా దగ్గర స్థలం అయితే ఇంకో నాలుగు రోజులు ఎక్కువ తీసుకున్నా పర్లేదు, పూర్తిగా చూసుకోండి. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకన్నా పెద్ద చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్ వదలాలి, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకి 9 మీటర్లు. నాలా, వాగు 10 మీటర్ల కంటే వెడల్పు ఉంటే 9 మీటర్లు, అంతకు లోపుంటే 2 మీటర్లు. ఇవి 2012 నాటి 168 జీవోలోనే ఉన్నాయి, 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక జనానికి తెలిశాయి అంతే. ఎండాకాలంలో వెళ్ళి చూస్తే చెరువు ఎక్కడో దూరంగా కనపడుతుంది, అది చూసి మోసపోవద్దు, ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో ఆ గీత. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది, మ్యాప్ చూశాక అనుమానం ఉంటే ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట వద్దు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పెద్దాయన ఎవరినైనా పట్టుకుని "తాతా, పెద్ద వానలకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి" అని అడగండి, చాలాసార్లు మ్యాప్ కంటే ముందే జవాబు దొరుకుతుంది.

అలాగే మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం రెసిడెన్షియల్ జోన్‌లో ఉందా, లేక కన్జర్వేషన్, రిక్రియేషన్ లాంటి వాటిలో ఉందా, మధ్యలోంచి ఏదైనా ప్రపోజ్డ్ రోడ్డు పోతోందా చూసుకోవాలి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకి వర్తించింది, అటువైపు స్థలం ఉన్నవాళ్ళు బ్రోకర్ మాట మీద కాకుండా ఇవాళ్టికి ఏ ఉత్తర్వు అమల్లో ఉందో ఆఫీసులోనే తెలుసుకోండి. ఎయిర్‌పోర్టులు, మిలటరీ స్థలాల దగ్గరైతే ఎత్తు మీద ఆంక్షలు వేరేగా ఉంటాయి.

శివారు ఊళ్ళలో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిసిపోయాక కూడా పాత సర్పంచ్ సంతకంతో వెనకటి డేటు వేసి "పంచాయతీ పర్మిషన్" అని అమ్మే వాళ్ళున్నారు. ఆ కాగితం మీద స్టాంపు, సంతకం అన్నీ బాగానే ఉంటాయి, రికార్డులో మాత్రం ఏమీ ఉండదు. దాని మీద మూడు ఫ్లోర్లు లేపేసి తర్వాత నోటీసు వచ్చి ఏడ్చిన కుటుంబాన్ని నేను చూశాను, వాళ్ళు పెట్టిన డబ్బంతా ఊళ్ళో పొలం అమ్మగా వచ్చినదే. మీ స్థలం ఇప్పుడు ఎవరి పరిధిలో ఉందో, జీహెచ్‌ఎంసీనా, వేరే కార్పొరేషనా, మున్సిపాలిటీనా, నిజంగానే గ్రామ పంచాయతీనా, అది తేల్చుకుని అక్కడే అప్లై చేయండి.

రెండో పని: టేపు పట్టుకోవడం

మేం చేయంది ఇదే. లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని గానీ మీ ఇంజినీర్‌ని గానీ తీసుకెళ్ళి నాలుగు వైపులా, రెండు మూలకర్ణాలూ కొలిపించండి. మూలకర్ణాలు ఎందుకంటే నాలుగు పక్కలూ సరిపోయినా స్థలం వంకరగా ఉండొచ్చు, అది కర్ణం కొలిస్తేనే తెలుస్తుంది. డాక్యుమెంట్‌లో ఉన్నది, నేల మీద ఉన్నది, రెండిట్లో ఏది తక్కువైతే ప్లాన్ దాని మీదే గీయించుకోండి. ఎక్కువ ఉంటే సంతోషపడకండి, అది పక్కవాడిదో రోడ్డుదో అయ్యుంటుంది. ఇరుపక్కల వాళ్ళని పిలిచి వాళ్ళ ముందే కొలవండి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడుకుంటే అప్పుడే తేలిపోయే గజం తగాదా గోడ లేచాక కోర్టుకి పోతుంది.

రోడ్డు కూడా కొలవాలి. ఇది చాలామంది మర్చిపోతారు. కొత్త ఇంటికి కనీసం 30 అడుగుల రోడ్డు ఉండాలన్నది లెక్క, పాత కాలనీల్లో 20, 25 అడుగులే ఉంటాయి. అలాంటప్పుడు రోడ్డు మధ్య గీత నుంచి నాలుగున్నర మీటర్లు, అంటే దగ్గర దగ్గర 15 అడుగులు లెక్కపెట్టి ఆ మేరకు మీ స్థలం లోపలికి జరిగి, ఆ జాగా రోడ్డుకి వదిలేయాలి. 20 అడుగుల రోడ్డు ఉంటే మీ వైపు నుంచి 5 అడుగులు పోతాయి. ఆ వదిలాక మిగిలిన దానికే సెట్‌బ్యాక్ (ఇదేంటో కింద చెప్తా) మొదలవుతుంది.

మూల ప్లాట్ అయితే ఇంకో సంగతి ఉంది, రెండు రోడ్లు కలిసే చోట మలుపులో బళ్ళు కనపడాలని మూల కోసి వదలాలి, చిన్న రోడ్లయితే 3 మీటర్లు ఇటు 3 మీటర్లు అటు. తూర్పు, ఉత్తరం రెండు రోడ్లున్న ఈశాన్యం ప్లాట్ అని ఎక్కువ రేటు పెట్టి కొంటారు, తీరా ప్లాన్ దగ్గరికొచ్చేసరికి ఆ ఈశాన్యం మూలే తెగుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ససేమిరా అంటారు. కొనేముందే ఈ మాట ఇంట్లో అనుకోండి.

మూడో పని: మీకు మిగిలేది ఎంతో లెక్కేసుకోవడం

సెట్‌బ్యాక్ అంటే స్థలం చుట్టూ వదలాల్సిన ఖాళీ. స్థలం సైజు, ముందు రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తు, ఈ మూడిటిని బట్టి మారుతుంది, స్థలం పెద్దదయ్యే కొద్దీ, ఎత్తు పెరిగే కొద్దీ వదిలేదీ పెరుగుతుంది. ఎక్కువమంది దగ్గర ఉండేది 200 గజాల ప్లాటే కాబట్టి దాన్నే తీసుకుందాం. 30 అడుగులు వెడల్పు, 60 అడుగులు లోతు, 1800 చదరపు అడుగులు, మీటర్లలో 167 చదరపు మీటర్లు. రూల్స్‌లో ఇది 100 నుంచి 200 చదరపు మీటర్ల వరసలో పడుతుంది. ముందు 12 మీటర్ల లోపు రోడ్డు ఉండి, ఇల్లు 10 మీటర్ల ఎత్తు లోపు కడితే ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో ముందు 5, మిగతా పక్కల 3 అడుగుల 3 అంగుళాలు అనుకోండి.

వెడల్పు 30 లోంచి రెండు పక్కలా ఆరున్నర పోతే ఇరవై మూడున్నర అడుగులు. లోతు 60 లోంచి ముందు 5, వెనక 3 పావు పోతే 51 ముప్పావు. గుణిస్తే ఒక్కో ఫ్లోర్‌కి సుమారు 1215 చదరపు అడుగులు వస్తాయి. ఇదే ప్లాట్ 20 అడుగుల రోడ్డు మీద ఉందనుకోండి, రోడ్డుకి 5 అడుగులు వదిలాక లోతు 55 అయిపోతుంది, ఫ్లోర్‌కి 1100 దగ్గరికి దిగిపోతుంది. ఫ్లోర్‌కి 115 అడుగుల పైనే పోయినట్టు, అంటే ఒక మంచి బెడ్‌రూమ్ అంత. నాకు అర్థమైనంతలో మనవాళ్ళు రూల్ తప్పేది చాలావరకు ఇక్కడే, మనసులో ఒక ఇల్లు ముందే కట్టేసుకుంటారు, మూడు బెడ్‌రూములు, పూజగది, డైనింగ్, అన్నీ, అది 1215లో పట్టట్లేదంటే గోడ అటు రెండడుగులు ఇటు రెండడుగులు జరుపుతారు. ఈ లెక్క ముందే వేసుకుని, ఇంట్లో ఆడవాళ్ళతో సహా అందరూ కూర్చుని, వచ్చే చోటులో ఏం కావాలో తేల్చుకుంటే ఆ జరుపుడు అవసరమే ఉండదు.

వాస్తు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరం ఎక్కువ ఖాళీ, పడమర, దక్షిణం తక్కువ ఖాళీ అంటారు. రూల్ చెప్పేది కనీసం ఇంత వదలమని, దానికంటే ఎక్కువ వదలడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కాబట్టి పడమర, దక్షిణంలో రూల్ ప్రకారం ఉన్న కనీసం పెట్టుకుని తూర్పు, ఉత్తరంలో ఇంకో అడుగు వదులుకుంటే రెండూ కుదురుతాయి. కుదరంది ఎక్కడంటే వాస్తు పేరు చెప్పి బయటి మెట్లు సెట్‌బ్యాక్‌లో పెట్టడం, వెనక గోడకి ఆనించి బాత్రూం కట్టడం. అవి ప్లాన్‌లో చూపించరు, తర్వాత కడతారు, ఓసీ దగ్గర దొరుకుతారు. వాస్తు ఆయన్నీ ఇంజినీర్‌నీ ఒకే రోజు ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి, వేరువేరుగా మాట్లాడితే రెండు ప్లాన్లు తయారవుతాయి, ఒకటి మున్సిపాలిటీకి, ఒకటి మేస్త్రీకి.

నాలుగో పని: మీది ఏ కేటగిరీ

75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు, అంటే గ్రౌండ్ లేదా జీ ప్లస్ వన్ సొంత ఇల్లు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని ఒక్క రూపాయి కడితే చాలు. పేదవాళ్ళ కోసం పెట్టింది ఇది, చాలా మంచి పని. కానీ పెద్ద ప్లాట్‌ని 75, 75గా ముక్కలు చేసి దీంట్లో దూరుదామంటే కుదరదు. పర్మిషన్ అక్కర్లేదు కదా అని రిజిస్ట్రేషన్ వదిలేయొద్దు, ఆ కాగితమే రేపు మీకు రుజువు.

75 దాటి 600 గజాల వరకు, అంటే 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద ఇన్‌స్టంట్ అప్రూవల్. మనలో ఎక్కువమంది ఇక్కడే ఉంటాం. 10 మీటర్లంటే జీ ప్లస్ టూ, లేకపోతే కింద పార్కింగ్ వదిలి పైన మూడు, ఎందుకంటే స్టిల్ట్ పార్కింగ్ ఎత్తు లెక్కలోకి రాదు. కానీ ఆ స్టిల్ట్ పార్కింగ్‌గానే ఉండాలి.

అంతకు మించితే సింగిల్ విండో, 21 రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే డీమ్డ్ అప్రూవల్ కింద వచ్చినట్టే. అపార్ట్‌మెంట్లు ఈ దారిలోకి వస్తాయి, అందులో 10 శాతం బిల్టప్ ఏరియా మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ పెట్టాలి, కట్టడం పూర్తయ్యాక ప్లాన్ ప్రకారం ఉంటేనే దాన్ని వదులుతారు. స్థలం బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చే వాళ్ళు ఏ ఫ్లాట్లు మార్ట్‌గేజ్‌లో పెడుతున్నాడో అగ్రిమెంట్‌లో రాయించుకోండి, మీ వాటా ఫ్లాట్లే పెట్టేసిన సందర్భాలున్నాయి. అమ్మకానికి కట్టేదైతే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

ఐదో పని: మనిషిని ఎంచుకోవడం, అప్లై చేయడం

లైసెన్స్ ఉన్న ఇంజినీర్ గానీ ఆర్కిటెక్ట్ గానీ కావాలి, వాళ్ళ లాగిన్‌లోంచే డ్రాయింగ్ పోతుంది. లైసెన్స్ నంబర్ అడిగి వెబ్‌సైట్‌లో అది బతికుందో లేదో చూడండి. ఆఫీసు బయట కూర్చుని ఇంకొకళ్ళ లైసెన్స్ మీద పని చేయించే వాళ్ళతో జాగ్రత్త, సైట్‌కి రాని మనిషి సంతకం మీకు పనికి రాదు. నా నియమం ఒకటే, సైట్‌కి వచ్చి తన చేత్తో టేపు పట్టుకోనివాళ్ళకి పని ఇవ్వను. ఫీజు విడిగా, ప్రభుత్వానికి కట్టేది విడిగా చెప్పమనండి. ప్రభుత్వానికి పోయేదంతా మీ బ్యాంక్ అకౌంట్ నుంచి మీరే ఆన్‌లైన్‌లో కట్టండి, అన్నీ కలిపి ఇంత ఇచ్చేయండి సార్ మేం చూసుకుంటాం అంటే ఒప్పుకోవద్దు. ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఇవ్వండి, లేకపోతే ఓటీపీలు, షార్ట్‌ఫాల్ (ఏం తక్కువైందో చెప్పే) మెసేజ్‌లు వేరేవాళ్ళకి పోయి మీకు ఏ సంగతీ తెలీదు.

అప్‌లోడ్ చేయాల్సినవి సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్, మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్, స్థలం ఫొటోలు, డ్రాయింగ్, అఫిడవిట్లు. పాత ఇల్లు కూల్చి కడుతుంటే దాని పన్ను రసీదు, కూల్చకముందు ఫొటోలు కూడా దాచుకోండి. ఖాళీ స్థలం పన్ను బాకీ ఉంటే అది ఇక్కడ పట్టుకుంటారు. ఫీజుల్లో పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, ఇంకుడు గుంత డిపాజిట్ లాంటివి ఉంటాయి, కట్టడం ఖర్చు మీద 1 శాతం లేబర్ సెస్ కూడా ఉంటుంది. 2025 దాకా సొంత ఇల్లు 10 లక్షల లోపు ఖర్చుతో కడితే ఆ సెస్ ఉండేది కాదు, ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన లేబర్ కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. ఇంకుడు గుంతని ఫీజులో ఒక లైన్‌లా చూడకండి, నిజంగా తవ్వించండి, మా వీధిలో తవ్వించిన ఇళ్ళకీ లేని ఇళ్ళకీ బోరు తేడా మే నెలలో తెలిసిపోతుంది.

సబ్‌మిట్ కొట్టే ముందు డ్రాయింగ్‌ని ప్రింట్ తీయించి చేత్తో పట్టుకుని స్థలంలో నిలబడి చూడండి. ఉత్తరం బాణం సరిగ్గా ఉందా, రోడ్డు వెడల్పు మీరు కొలిచిందేనా, చుట్టూ హద్దుల్లో రాసిన పేర్లు డాక్యుమెంట్‌తో కలుస్తున్నాయా. ఒక అరగంట పని.

అప్రూవల్ వచ్చాక కూడా పోస్ట్ వెరిఫికేషన్ ఉంటుంది, టీమ్ వచ్చి చూస్తుంది, మీరు చెప్పింది తప్పని తేలితే 21 రోజుల్లోపు ఆ అప్రూవల్ వెనక్కి తీసుకునే అధికారం చట్టంలో ఉంది. అందుకే మేం ఇప్పుడు అందరికీ చెప్పేది, ప్రొసీడింగ్స్ వచ్చిన మర్నాడే కొబ్బరికాయ కొట్టినా, జేసీబీని మాత్రం ఒక మూడు వారాలు ఆపమని. తప్పుడు డిక్లరేషన్ మీద, ప్లాన్‌కి విరుద్ధంగా కట్టిన దాన్ని నోటీసు లేకుండానే కూల్చొచ్చని టీఎస్ బీపాస్ చట్టంలో రాశారు, ఇంజినీర్ లైసెన్స్ కూడా పోతుంది.

కట్టేటప్పుడు

పని మొదలు పెడుతున్నామని ఆన్‌లైన్‌లో కమెన్స్‌మెంట్ నోటీస్ ఇవ్వాలి. ప్రొసీడింగ్స్ మీద ఎప్పటిదాకా చెల్లుతుందో డేటు ఉంటుంది, అది గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు, డబ్బులు సరిపోక స్లాబ్ దగ్గర ఆగిన ఇళ్ళు ఎన్ని లేవు, ఆ డేటు దాటాక మొదలుపెడితే రెన్యువల్ లేకుండా కట్టినట్టే. అప్రూవ్డ్ ప్లాన్ కాపీ సైట్‌లో కనపడేలా పెట్టండి, మేస్త్రీకి కూడా ఆ ప్లాన్ కాపీయే ఇవ్వండి.

ఇక మనవాళ్ళు తప్పే చోట్లు. మొదటిది పెంట్‌హౌస్. టెర్రస్ మీద ఒక రూమే కదా అని మొదలుపెట్టి మొత్తం కిచెన్‌తో సహా పోర్షన్ చేస్తారు, పర్మిషన్‌లో ఉండదు. రెండోది స్టిల్ట్‌లో గోడలు పెట్టి వాచ్‌మన్ రూమ్ అని మొదలెట్టి అద్దెకిచ్చేది, లేదా షట్టర్ పెట్టి షాపు చేసేది. మూడోది బాల్కనీలు సెట్‌బ్యాక్ మీదికి జరిపి తర్వాత గ్రిల్, అద్దాలు పెట్టి గదిలో కలిపేసేది. పక్కింటి వాళ్ళకి గాలి, వెలుతురు పోతుంది, ఫైర్ ఇంజిన్ వస్తే తిరగడానికి జాగా ఉండదు, ఇది మనకి మనం చేసుకునే హాని. "అందరూ కట్టారు, రేపు బీఆర్ఎస్ (పర్మిషన్ లేని కట్టడాల్ని రెగ్యులరైజ్ చేసే స్కీమ్) వస్తే రెగ్యులరైజ్ అవుతుంది" అనే మాట నమ్మొద్దు. 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ వచ్చింది, ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టిన వాటికే, అది కూడా హైకోర్టు కేసులో ఇరుక్కుని అప్లై చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురు చూశారు. పర్మిషన్ లేకుండా కట్టిన ఇంటికి పన్ను మీద 100 శాతం పెనాల్టీ పడుతుంది, ప్రతి ఏడాదీ.

నిజంగా మధ్యలో మార్చాల్సి వస్తే, పిల్లర్ జరపాలనో గది పెంచాలనో అనిపిస్తే, కట్టకముందే రివైజ్డ్ ప్లాన్ పెట్టండి. కట్టేశాక అడగడం కంటే వెయ్యి రెట్లు తేలిక.

ఓసీ

ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకునేదాకా పని అయిపోనట్టే, గృహప్రవేశం అయిపోగానే చాలామంది ఈ సంగతి వదిలేస్తారు. కంప్లీషన్ నోటీసుతో పాటు నాలుగు వైపుల ఫొటోలు, ఇంకుడు గుంత ఫొటో, ఇంజినీర్ సర్టిఫికెట్ పెట్టి ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి, 15 రోజుల్లో రావాలి. ముందు రోడ్డు వైపు తప్ప మిగతా పక్కల సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు చిన్న తేడాలుంటే ఫైన్ కట్టించుకుని వదిలే వీలు రూల్స్‌లో ఉంది, అదీ అధికారుల విచక్షణ, దాన్ని మనసులో పెట్టుకుని గోడ జరపడం తెలివి కాదు.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఓసీ విలువ ఇంకా పెరిగింది. కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూసుకునే లోన్ ఇవ్వాలని దేశం మొత్తానికి చెప్పింది. అంటే రేపు మీ పిల్లలు ఈ ఇల్లు అమ్మాలన్నా, దీని మీద లోన్ తీసుకోవాలన్నా ముందు అడిగేది ఇదే.

ఉన్న ఇంటికి మార్పులు చేస్తుంటే

రంగులు, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు కిటికీలు మార్చడం, పైపులు, వైరింగ్, వీటికి పర్మిషన్ అక్కర్లేదు. గోడలు కూల్చి హాల్ పెద్దది చేయడం, పైన ఇంకో ఫ్లోర్ వేయడం, మెట్లు బయటికి మార్చడం, బాల్కనీ గదిలో కలపడం, వీటన్నిటికీ కావాలి. పైన ఫ్లోర్ వేయాలంటే మొదటి ఇంటికి పర్మిషన్ ఉందా, పునాది, పిల్లర్లు ఆ బరువు మోస్తాయా అన్నవి రెండూ చూస్తారు, రెండోదానికి స్ట్రక్చరల్ ఇంజినీర్ సర్టిఫికెట్ కావాలి. పాతికేళ్ళ కింద గోడల మీద కట్టిన లోడ్ బేరింగ్ ఇళ్ళ మీద స్లాబ్ ఎక్కించే ముందు దయచేసి ఒకసారి ఇంజినీర్‌కి చూపించండి, పర్మిషన్ సంగతి పక్కన పెట్టినా లోపల ఉండేది మన మనుషులే. ఇంట్లో షాపు, హాస్టల్, క్లినిక్ పెడితే వాడకం మారినట్టు, రోడ్డు వెడల్పు, జోన్ ఒప్పుకుంటేనే అవుతుంది, కరెంటు మీటర్ కమర్షియల్ చేయించుకుంటే సరిపోదు.

ఆంధ్రాలో కట్టుకునేవాళ్ళు, బయట దేశాల్లో ఉన్నవాళ్ళు

ఆంధ్రాలో రూల్స్ 2017 నాటి 119 జీవోవి, ఆన్‌లైన్ సిస్టమ్ పేరు డీపీఎంఎస్, అక్కడ కూడా లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ ద్వారానే పోవాలి, సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి 2025లో అక్కడా వచ్చింది. సెట్‌బ్యాక్ లెక్కలకి పైన నేను వేసిన ఉదాహరణ పెట్టుకోవద్దు, అక్కడి టేబుల్‌తో అక్కడి ఇంజినీర్ దగ్గర వేయించుకోండి. కొలతల జాగ్రత్త, చెరువు జాగ్రత్త, ప్లాన్ ప్రకారం కట్టడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ బావమరిదికో తమ్ముడికో అప్పజెప్పి కట్టించేవాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి. అందులో బిల్డింగ్ పర్మిషన్‌కి అప్లై చేయడం, డిక్లరేషన్ ఇవ్వడం, ఓసీ తీసుకోవడం అని స్పష్టంగా రాయించండి, అమ్మే అధికారం దాంట్లో కలపాల్సిన పనిలేదు. అప్లికేషన్ నంబర్ మీ దగ్గర ఉంచుకుంటే స్టేటస్ అక్కడి నుంచే చూసుకోవచ్చు. స్లాబ్ వేసే ముందు వీడియో కాల్‌లో తమ్ముణ్ణి టేపు పెట్టి నాలుగు పక్కలా సెట్‌బ్యాక్ చూపించమనండి, ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు, మా తమ్ముడి ఇంటికి నేనూ అలాగే చూపించాను.